ఇంటి పెరట్లో కొలిమి: స్థలం ఎంపిక నుంచి తొలి కొక్కెం వరకు

కమ్మరం నేర్చుకోదలచినవారు మొట్టమొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఏ దాగలి (కాగిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మె) కొనాలి? ఆ ప్రశ్న తప్పు కాదు గానీ, అది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో కావలసినది. 10 మి.మీ. మందం ఉన్న కడ్డీని పసుపు రంగు వచ్చేదాకా కాచి మంటలోంచి బయటికి తీస్తే, అది సుత్తి దెబ్బకు చక్కగా లొంగే స్థితిలో ఉండేది సుమారు 15 నుంచి 20 సెకన్లు మాత్రమే. కొలిమి ఎక్కడ పెట్టాలి, దాగలి దానికి ఎంత దూరంలో ఉండాలి, పట్టుకారు ఏ చేతికి అందాలి, నేల మీద ఏమేమి ఉండకూడదు అనే నిర్ణయాలన్నీ ఆ కొద్ది సెకన్లను కాపాడుకోవడం కోసమే తీసుకుంటాం. అందువల్ల ఈ మార్గదర్శి పనిముట్లతో కాక స్థలంతో మొదలవుతుంది.

## 1. స్థలం: డబ్బు ఖర్చు పెట్టకముందు చేయవలసిన పని

కొలిమికి అన్నిటికన్నా అనువైనది పైకప్పు ఉండి, కనీసం రెండు వైపులా తెరిచి ఉన్న పాక లేదా షెడ్డు. నాలుగు గోడల గదిలో, నేలమాళిగలో కొలిమి పెట్టకూడదు. బొగ్గయినా గ్యాసయినా మండేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా లేవు. తలనొప్పి, వికారం, తల తిరగడం మొదలయ్యేసరికే అది ఒంట్లో చేరి ఉంటుంది. షెడ్డు ఎంత తెరిచి ఉన్నా, దాన్ని పసిగట్టే అలారం ఒకటి తల ఎత్తులో బిగించుకోవడం మంచిది. వంటగ్యాస్ గాలికన్నా బరువైనది కనుక కారితే పల్లంలో, గుంటలో నిలిచిపోతుంది. నేలమాళిగ వద్దనడానికి ఇది రెండో కారణం.

ఎండ నేరుగా పడే చోటు కూడా పనికిరాదు. ఇనుము ఎంత కాగిందో రంగును బట్టే తెలుసుకోవాలి. ఎర్రగా కాగిన కడ్డీ ఎండలో నల్లగానే కనిపిస్తుంది. అది చూసి ఇంకా కాలలేదనుకుని మంటలోనే ఉంచేస్తారు, చివరికి ఇనుము మాడిపోతుంది. నీడగా ఉండి, రోజంతా వెలుతురు పెద్దగా మారని చోటే మేలు.

నేల విషయానికొస్తే, దిమ్మిస చేసిన మట్టినేలను మించినది లేదు. కాంక్రీటు నేల పనికి అడ్డు రాదు కానీ, కాగిన ఇనుమును దాని మీద పెడితే లోపలి తేమ ఆవిరై పైపొర చిన్న ముక్కలుగా చిట్లి ఎగరవచ్చు. చెక్క నేల, ఎండుటాకులు, రంపపు పొట్టు ఉన్నచోట కొలిమి వెలిగించే ప్రసక్తే లేదు.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి. కొలిమి, దాగలి, వైస్ (వస్తువును దవడల మధ్య బిగించి పట్టే పనిముట్టు) వచ్చే చోట్లలో వాటి ఎత్తుకు తగ్గ అట్టపెట్టెలు నిలబెట్టండి. చేతిలో చల్లని కడ్డీ పట్టుకుని, కొలిమి నుంచి దాగలికి, దాగలి నుంచి వైస్‌కు, మళ్లీ కొలిమికి పదిసార్లు తిరగండి. కొలిమి ముందు నిలబడి, ఒక్క అడుగు వేసి ఒళ్లు పక్కకు తిప్పితే దాగలి ముందు ఉండాలి. రెండు అడుగులు పడితే పెట్టెను దగ్గరకు జరపండి. కడ్డీ చివర దేనికైనా తగిలితే ఆ వస్తువును అక్కడి నుంచి తీసేయండి. అరగంట పట్టే ఈ పరీక్షను చాలామంది చిన్నతనంగా భావించి వదిలేస్తారు. వాళ్లే తర్వాత 50 కిలోల దాగలిని మూడుసార్లు జరుపుతారు.

స్థలం సిద్ధమైందనడానికి సరిచూడవలసినవి:

- గాలి ఒక వైపు నుంచి వచ్చి మరో వైపు నుంచి పోతోంది.
- కొలిమికి పైనా, చుట్టూ కాలే వస్తువు ఏదీ లేదు.
- నీళ్ల బకెట్, ఇసుక బకెట్, పొడి రసాయనపు అగ్నిమాపక సిలిండర్ ఉన్నాయి. అవి కొలిమి వెనక కాక, బయటికి పోయే దారిలో ఉన్నాయి.
- కొలిమికీ దాగలికీ మధ్య నేల మీద తీగ, గొట్టం, పనిముట్టు ఏదీ లేదు.
- పొగ గురించి, చప్పుడు గురించి మీరుండే చోటి నిబంధనలు కనుక్కున్నారు, ఇరుగుపొరుగుకు ముందే చెప్పారు.

## 2. కొలిమి: బొగ్గా, గ్యాసా?

ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్నచోట గ్యాస్ కొలిమి, ఖాళీ జాగా ఉన్నచోట బొగ్గు కొలిమి తీసుకోమన్నది నా సలహా. గ్యాస్ మంట శుభ్రంగా, నిలకడగా ఉంటుంది, వెలిగించిన కొన్ని నిమిషాలకే పనికొస్తుంది. అయితే ఆ గూటిలో పట్టే వస్తువునే కాచగలం, పైగా కడ్డీలో కావలసినదానికన్నా ఎక్కువ పొడవు వేడెక్కుతుంది. బొగ్గు కొలిమిలో రెండంగుళాల మేర మాత్రమే కాచుకోవచ్చు, వంకర తిరిగిన పెద్ద వస్తువునూ పెట్టుకోవచ్చు. కానీ మంటను సంబాళించడమే అందులో సగం పని.

బొగ్గు కొలిమి. తొలి కొలిమికి పెద్ద హంగు అక్కర్లేదు. నడుమెత్తు బల్ల మీద, సుమారు అర మీటరు పొడవు వెడల్పులున్న ఇనుప పెట్టెలో బంకమట్టి, ఇసుక కలిపి దిట్టంగా కూరండి. మధ్యలో 15 సెం.మీ. వెడల్పు, 10 నుంచి 12 సెం.మీ. లోతు ఉన్న గిన్నెలాంటి గుంట తీయండి. పక్క నుంచి 20 నుంచి 25 మి.మీ. లోవ్యాసమున్న మందపాటి ఇనుప గొట్టాన్ని, గుంట అడుగుకు 4 లేక 5 సెం.మీ. పైన తెరుచుకునేలా దూర్చండి. గొట్టానికి జింకు పూత ఉండకూడదు. మట్టి పూర్తిగా ఆరేదాకా ఆగి, మొదటి రోజు చిన్న మంటే వేయండి. తేమ మిగిలి ఉంటే మట్టి పగుళ్లిస్తుంది.

గాలికి చేత్తో తిప్పే బ్లోయర్ ఉత్తమం, ఎందుకంటే చేయి ఆగితే గాలి ఆగుతుంది, మీరు మంటను మరిచిపోయినా ఇనుము మాడదు. విద్యుత్ బ్లోయర్ గాని, జుట్టు ఆరబెట్టుకునే యంత్రం గాని వాడితే గాలి అవసరానికి మించి వస్తుంది. గొట్టానికి మధ్యలో ఒక పక్కదారి పెట్టి, అక్కర్లేని గాలిని బయటికి వదిలే మూత అమర్చుకోండి. గాలి ఎక్కువైతే మండగా మిగిలిన ఆక్సిజన్ ఇనుము మీదికే వెళ్లి దట్టమైన పొలుసు కట్టిస్తుంది.

కట్టె బొగ్గులో గంధకం దాదాపు ఉండదు, పొగ తక్కువ. కానీ అది త్వరగా అయిపోతుంది, నిప్పురవ్వలు ఎక్కువగా లేస్తాయి. రాక్షసి బొగ్గు మొదట దట్టంగా పొగ కక్కి, ఆ తర్వాత కోక్‌గా, అంటే పొగ పోయిన బొగ్గుగా, మారి శుభ్రంగా మండుతుంది. దాని బూడిద కరిగి గాలి రంధ్రం దగ్గర చిట్టెంగా గడ్డకడుతుంది. మంట మధ్యలో ఉన్నట్టుండి మసక మచ్చ కనిపిస్తే అది చిట్టెమే. ఒకటి రెండు నిమిషాలు గాలి ఆపి, అది గట్టిపడ్డాక కొక్కెపు కడ్డీతో పైకి తీసేయండి.

గ్యాస్ కొలిమి. వంటింటి రెగ్యులేటర్ తక్కువ ఒత్తిడి వద్ద స్థిరంగా ఉండేది, గాలిని తనంతట తాను లాక్కునే బర్నర్‌కు అది చాలదు. ఒత్తిడిని మార్చుకునే వీలున్న హై ప్రెషర్ రెగ్యులేటర్, దానికి తగిన గ్యాస్ గొట్టం, చేతికందేలా ఒక బంద్ వాల్వు కావాలి. గూటి లోపల 25 మి.మీ. సిరామిక్ ఉన్ని రెండు పొరలు పరిచి, పైన నిప్పుకు తట్టుకునే సిమెంటు పూత తప్పనిసరిగా వేయండి. పూత లేని ఉన్ని నుంచి లేచే సన్నటి పోగులు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. ఉన్ని కోసేటప్పుడు దుమ్మును వడకట్టే మాస్కు పెట్టుకోండి.

వెలిగించే క్రమం తారుమారు కాకూడదు:

1. గొట్టం అతుకులన్నిటికీ సబ్బు నురగ రాయండి. బుడగలు లేస్తే వెలిగించకండి.
2. మండుతున్న కాగితపు చుట్టను లేదా పొడవాటి లైటరును గూటిలో పెట్టండి.
3. ఆ తర్వాతే గ్యాస్ కొద్దిగా తెరవండి. గూటి ముఖద్వారానికి ఎదురుగా నిలబడకండి.
4. మంట నిలిచాక ఒత్తిడి మెల్లగా పెంచండి.
5. వెలగకపోతే గ్యాస్ కట్టేసి, కొన్ని నిమిషాలు గాలి ఆడనిచ్చి మళ్లీ మొదలుపెట్టండి.

సిలిండర్ ఎప్పుడూ నిలువుగా, కొలిమి వేడి తగలనంత దూరంలో ఉండాలి.

## 3. దాగలి: బరువు, ఎగురు, ఎత్తు

సుత్తి బరువుకు కనీసం 50 రెట్లు దాగలి బరువుండాలన్నది పనివాళ్ల వాడుక లెక్క. 1 కిలో సుత్తికి 50 కిలోల దాగలి అన్నమాట. అంత బరువైనది దొరక్కపోతే, మందపాటి ఉక్కు దిమ్మెను చెక్క మొద్దులో సగం దాకా నిలువుగా దింపి వాడుకోండి. పైన దొరికే చదును చిన్నదే గానీ, దెబ్బ కింద ఉన్న లోహమంతా ఒకే గీతలో ఉండటం వల్ల అది బాగా పనిచేస్తుంది. రైలు పట్టా ముక్కకూ ఇదే వర్తిస్తుంది. పడుకోబెడితే దాని సన్నని నడుము స్ప్రింగులా ఊగి దెబ్బను మింగేస్తుంది, నిలబెడితే ఊగదు.

పాత దాగలి కొనేటప్పుడు బేరింగు గోలీ ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి. 25 సెం.మీ. ఎత్తు నుంచి వదిలితే అది 18 సెం.మీ. దాకా ఎగిరితే ముఖం, అంటే పైన కొట్టే చదును, గట్టిగా ఉన్నట్టు. సగం కూడా ఎగరకపోతే అది మెత్తని పోత ఇనుము కావచ్చు, దాని అంచులు దెబ్బకు విరిగిపోతాయి. ముఖం మీద నాలుగైదు చోట్ల పరీక్షించండి. ఒకేచోట మాత్రం ఎగురు పడిపోతే, పైన అతికించిన ఉక్కు పలక అక్కడ ఊడి ఉండవచ్చు.

ఎత్తు లెక్క సులువు. నిటారుగా నిలబడి, చేయి వేలాడేసి పిడికిలి బిగిస్తే, వేళ్ల కణుపుల ఎత్తుకు దాగలి ముఖం రావాలి. సరిపోయిందో లేదో ఒక చెక్క ముక్క చెబుతుంది. దాన్ని దాగలి మీద పెట్టి మామూలుగా పది దెబ్బలు కొట్టండి. సుత్తి ముఖపు అంచు మీ వైపు నెలవంకలా దిగితే దాగలి ఎత్తు ఎక్కువ, అవతలి వైపు దిగితే తక్కువ. గుండ్రటి గుర్తు సమానంగా పడే ఎత్తే మీ ఎత్తు. మీకన్నా పొడుగైన మిత్రుడి దాగలి మీద పని చేసి, సుత్తి బాగాలేదని నిందించడం మామూలుగా జరిగేదే.

దాగలి అంచులలో కొంత భాగాన్ని 2 నుంచి 3 మి.మీ. గుండ్రం చేసుకోండి. కత్తిలా ఉన్న అంచు మీద వంచిన ఇనుములో సన్నటి గాటు పడుతుంది, ఆ గాటే తర్వాత పగులవుతుంది. మోత ఎక్కువగా ఉంటే నడుముకు గొలుసు చుట్టండి. ఎట్టి పరిస్థితిలోనూ ఉట్టి సుత్తితో దాగలి ముఖాన్ని బలంగా కొట్టకండి. గట్టి ఉక్కు గట్టి ఉక్కుకు తగిలితే పెచ్చు లేచి కంటికి తగిలే ప్రమాదం ఉంది.

## 4. చేతి పనిముట్లు

మొదటి ఆరు నెలలకు ఇవి చాలు:

- 800 గ్రాముల నుంచి 1 కిలో లోపు సుత్తి. ఒకవైపు చదును ముఖం, మరోవైపు అడ్డంగా తీర్చిన మొద్దు అంచు. ముఖపు అంచులను ఆకురాయితో గుండ్రం చేయండి, లేకపోతే ప్రతి దెబ్బా నెలవంక గుర్తు మిగులుస్తుంది.
- మీరు వాడే కడ్డీ మందానికి సరిగ్గా సరిపోయే ఒక పట్టుకారు.
- నేలకు ఆనే కాలున్న వైస్. తేలికపాటి బల్ల వైస్ సుత్తి దెబ్బలకు విరిగిపోతుంది.
- ఇనుప తీగల బ్రష్, హాక్సా, ఇనుము మీద చుక్క గుర్తు పెట్టే సెంటర్ పంచ్, వేడి ఇనుమును కోసే ఉలి, ఆకురాయి, ఒక అయస్కాంతం.

పట్టుకారుకు ఒక పరీక్ష ఉంది. చల్లని కడ్డీని అందులో పట్టి గట్టిగా విదిలించండి. కడ్డీ కదిలినా, తిరిగినా అది ఆ మందానికి పనికిరాదు. దవడలను కాచి, అదే మందపు కడ్డీ మీద బిగించి కొట్టి సరిచేసుకోవచ్చు. అంతదాకా 60 సెం.మీ. పొడవు కడ్డీలతో పని చేస్తే పట్టుకారు అవసరమే రాదు.

యాంగిల్ గ్రైండర్ వాడేవారు దాని కవచాన్ని ఎప్పుడూ తీయకండి. బిళ్ల మీద రాసి ఉన్న వేగం యంత్రపు వేగానికి తగ్గకుండా ఉండాలి. బిళ్ల తిరిగే గీతలో ముఖం పెట్టకండి.

## 5. ఏ ఇనుము వాడాలి, ఏది ముట్టుకోకూడదు

మొదలుపెట్టడానికి 8 లేదా 10 మి.మీ. చదరపు మైల్డ్ స్టీల్ కడ్డీ కొనండి. అందులో కార్బన్ 0.25 శాతానికి మించదు కనుక అది నీళ్లలో ముంచినా పెళుసెక్కి విరగదు, తప్పులను భరిస్తుంది. కాంక్రీటులో వేసే టీఎంటీ కడ్డీ ఉచితంగా దొరుకుతుంది గానీ, దాని కూర్పు ఒక్కో ముక్కకు ఒక్కోలా ఉండి నేర్చుకునేవారిని తికమక పెడుతుంది. బండి కమాను కట్టల (లీఫ్ స్ప్రింగుల) ఉక్కు మంచిదే, కానీ వాడి పారేసినదానిలో కంటికి కనపడని పగుళ్లు ఉండవచ్చు.

దొరికిన ముక్క ఏ రకమో స్థూలంగా తెలుసుకోవడానికి గ్రైండర్‌కు తాకించి నిప్పురవ్వలు చూడండి. మైల్డ్ స్టీల్ రవ్వలు పొడవాటి గీతల్లా వెళ్లి ఒకటి రెండు చీలికలతో ఆరిపోతాయి. కార్బన్ ఎక్కువున్న ఉక్కు రవ్వలు పొట్టిగా, మతాబులా గుత్తులు గుత్తులుగా విచ్చుకుంటాయి.

కొలిమి దగ్గరికి రానివ్వకూడనివి రెండున్నాయి. మొదటిది జింకు పూత ఉన్న గొట్టాలు, రేకులు, బోల్టులు. జింకు 907 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగి తెల్లని పొగవుతుంది. అది పీల్చినవారికి కొన్ని గంటల తర్వాత చలిజ్వరం వస్తుంది, మోతాదు ఎక్కువైతే ప్రమాదం కూడా పెద్దదే. మంటలో కాల్చి పూత పోగొడతామనుకోవడం ఆ పొగను కోరి పీల్చడమే. క్రోమియం, కాడ్మియం పూతలకూ ఇదే హెచ్చరిక. రెండోది రెండు చివరలా మూసిన గొట్టం. లోపల చెమ్మ ఉంటే ఆవిరై బాంబులా పేలుతుంది.

## 6. ఒంటికి ఏమి తొడుక్కోవాలి

నూలు బట్టలు, తోలు బూట్లు, పక్కలు కూడా మూసిన కళ్లద్దాలు, చెవులకు రక్షణ. సింథటిక్ బట్ట నిప్పుకు కరిగి చర్మానికి అంటుకుంటుంది, అందుకే వద్దు. ప్యాంటు అంచులు బూట్ల మీదికి ఉండాలి, లోపలికి దోపకూడదు. దోపితే ఊడిన పొలుసు నేరుగా బూటులోకే పోతుంది. పట్టుకారు చేతికి తోలు తొడుగు వేసుకోవచ్చు. సుత్తి చేతికి వద్దు, పట్టు జారుతుంది.

అయితే నేను చూసిన కాలిన గాయాలలో ఎక్కువ భాగం ఎర్రని ఇనుము వల్ల కాదు, నల్లని ఇనుము వల్ల. ఇనుము 400 డిగ్రీల వద్ద వెలుతురులో చల్లని ముక్కలాగే కనిపిస్తుంది. నా మొదటి నెలలో తెగిన ముక్క ఒకటి దాగలి కింద పడింది. రెండు నిమిషాల తర్వాత, మరో కడ్డీ మంటలో ఉండగా, నేల శుభ్రం చేద్దామని దాన్ని రెండు వేళ్లతో ఎత్తాను. వదిలే లోపే చర్మం అంటుకుంది, ఆ వేళ్లతో వారం రోజులు పెన్ను కూడా పట్టుకోలేకపోయాను. అప్పటి నుంచి షెడ్డులోని ప్రతి ముక్కకూ చేతి వెనక వైపును దగ్గరగా చాపి, సెగ లేదని తేలాకే ముట్టుకుంటున్నాను.

కాలితే వెంటనే చల్లని పంపు నీటి ధార కింద 20 నిమిషాలు పట్టండి. మంచు, నూనె, పేస్టు రాయకండి. గాయం పెద్దదైనా, ముఖం మీదైనా, కీళ్ల మీదైనా వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

## 7. రంగు చదవడం

ఈ కొలతలు మసక వెలుతురులో చూసినప్పటివి, సుమారైనవి:

- మసక ఎరుపు, 600 నుంచి 700 డిగ్రీలు: సుత్తి దింపేయండి, మళ్లీ మంటలో పెట్టండి.
- చెర్రీ ఎరుపు, 750 నుంచి 800: తేలికగా వంచడానికి, నిటారు చేయడానికి.
- నారింజ, 900 నుంచి 1000: వంపులు, మెలికలు.
- పసుపు, 1050 నుంచి 1150: సాగదీయడం, మొన తేల్చడం.
- తెలుపుకు దగ్గరై రవ్వలు చిమ్మడం, 1300 పైన: ఇనుము మాడుతోంది.

770 డిగ్రీల వద్ద ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. కంటికి అలవాటయ్యేదాకా ఆ గుర్తుతో రంగును సరిపోల్చుకోండి. మాడిన చివర పుల్లలా పెళుసై చితుకుతుంది. దాన్ని బాగు చేసే మార్గం లేదు, కోసి పారేయాలి.

## 8. తొలి వస్తువు: మెలితిప్పిన ఎస్ కొక్కెం

మొన తేల్చడం, చుట్టడం, కోయడం, మెలితిప్పడం, వంచడం అన్నీ ఇందులోనే ఉన్నాయి. అందుకే కత్తి కన్నా ముందు దీన్ని చేయమంటాను.

ముందు లెక్క చూద్దాం. కొట్టినప్పుడు ఇనుము ఎక్కడికీ పోదు, ఆకారం మారుతుందంతే. చదరపు కడ్డీని పూర్తి సూదిమొనగా తీస్తే, ఆ భాగం పొడవు మూడు రెట్లవుతుంది. మనం సూదిమొన తీయం, 8 మి.మీ. కడ్డీ చివర 2 మి.మీ. మందం వదులుతాం. అప్పుడు 60 మి.మీ. వాలు రావడానికి 26 మి.మీ. కడ్డీ పడుతుంది. రెండు చివరలకు 52, మధ్యలో 100, వెరసి 152 మి.మీ. కోతకు ముందు ఈ ముక్క పొట్టిగా కనిపిస్తుంది, కంగారుపడి పెంచకండి.

1. పొడవాటి కడ్డీ మీద చివర నుంచి 26 మి.మీ., 152 మి.మీ. దగ్గర సెంటర్ పంచ్‌తో చుక్కలు పెట్టండి. సుద్ద గీత మంటలో కనిపించదు.

2. చివరి 5 సెం.మీ. మాత్రమే పసుపు రంగుకు కాచండి. కడ్డీని మంట గుండెలో అడ్డంగా పెట్టండి, గాలి రంధ్రం వైపు పొడిచి పెట్టకండి.

3. కొసను దాగలి అవతలి అంచుకు దగ్గరగా ఆనించి, పట్టుకున్న చేతిని కొద్దిగా పైకెత్తండి. సుత్తి ముఖాన్ని కూడా అంతే వాలులో దింపండి. ముందు కొసను తేల్చి, తర్వాత వెనక్కి రండి. రెండు మూడు దెబ్బలకొకసారి కడ్డీని పావు వంతు ఇటు, మళ్లీ వెనక్కి తిప్పండి. ఒకే వైపు గుండ్రంగా తిప్పుకుంటూ పోతే చదరం చెడిపోతుంది.

   ఇక్కడ చెవి కూడా పని చేయాలి. పసుపు రంగులో ఉన్న ఇనుము మీద దెబ్బ మట్టి మీద పడ్డట్టు మెత్తగా వినిపిస్తుంది. చల్లబడుతున్నకొద్దీ చప్పుడు సన్నబడి, గంటలా ఖంగుమనడం మొదలవుతుంది, సుత్తి కూడా చేతిలో ఎగురుతుంది. ఆ మార్పు రంగు మారినట్టు కంటికి తెలిసేలోపే చెవికి తెలుస్తుంది. ఖంగుమన్న తర్వాత కొట్టిన దెబ్బలు ఇనుమును మార్చవు, మోచేతిని నొప్పిస్తాయి.

4. మొన నాలుగు పలకలుగా కుదిరాక, అంచులను తేలికగా కొట్టి ఎనిమిది పలకలు, ఆ తర్వాత గుండ్రం చేయండి. నేరుగా గుండ్రం చేయబోతే మధ్యలో చీలిక పడుతుంది.

5. కొసను నారింజ రంగుకు కాచి, ఒక సెం.మీ. దాగలి అంచు దాటించి కిందికి వంచండి. కడ్డీని తిరగేసి, పైకి లేచిన కొసను మీ వైపు మెల్లగా తడుతూ చిన్న చుట్టగా చుట్టండి. చుట్ట లేకపోతే కొక్కెం బట్టకు పట్టుకుంటుంది.

6. 152 మి.మీ. గుర్తు దగ్గర వేడి మీద ఉలితో ముప్పాతిక వంతు కోసి, వంచి విరవండి. ఉలి కింద మైల్డ్ స్టీల్ పలక ఉండాలి, దాగలి గట్టి ముఖం కాదు. చల్లారాక హాక్సాతో కోసినా తప్పు లేదు.

7. రెండో చివరను పట్టుకారుతో పట్టి 2 నుంచి 5 వరకు మెట్లు తిరిగి చేయండి. మొదటి చుట్టను పట్టుకారు నలిపేయకుండా వెనక భాగాన్ని పట్టుకోండి.

8. ఇప్పుడు, వంపులు తిప్పకముందే, మెలి. మధ్యభాగాన్ని అంతటా ఒకే నారింజ రంగు వచ్చేలా కాచి, ఒక కొసను వైస్‌లో బిగించి, మరో వైపు రెంచితో ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఎక్కువ కాగిన చోట మెలి దగ్గరగా పడుతుంది. అలా పడుతుంటే అక్కడ చెంబుతో కొద్దిగా నీళ్లు పోసి తిప్పడం కొనసాగించండి. వంకర వస్తే చెక్క మొద్దు మీద చెక్క సుత్తితో సరిచేయండి, ఉక్కు సుత్తి మెలి అంచులను చదును చేసేస్తుంది.

9. ఒక్కో చివరను నారింజ రంగుకు కాచి, దాగలి కొమ్ము (పక్కకు పొడుచుకొచ్చిన గుండ్రటి కొస) మీద వంచండి. కడ్డీ కొమ్మును తాకిన చోట కొట్టకూడదు, దాన్ని దాటి గాలిలో ఉన్న భాగాన్ని కొట్టాలి. తాకిన చోట కొడితే వంగడానికి బదులు చదునవుతుంది. రెండో వంపు మొదటిదానికి ఎదురు దిశలో ఉండాలి. ఈ చోట తొందరలో ఎస్ బదులు సీ చేయని కొత్తవారు అరుదు.

10. వేడి మీదే తీగ బ్రష్‌తో పొలుసు రాల్చండి. ఎరుపు పూర్తిగా పోయాక తేనెమైనం రుద్దండి. మైనం కరిగి సన్నగా పొగ రావాలి, అంటుకుంటే వేడి ఎక్కువ ఉన్నట్టు.

మైనం బదులు అవిసె నూనె వాడితే, తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి పడేయకండి. అవి వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి బయట ఆరవేయండి, లేదా నీళ్లున్న డబ్బాలో మూతపెట్టి ఉంచండి.

## 9. తరచూ జరిగే తప్పులు, వాటి దిద్దుబాటు

చదరం కాస్తా వజ్రాకారమైంది. తిప్పినప్పుడు సరిగ్గా పావు వంతు తిరగలేదు. పసుపు రంగుకు కాచి, పొడవైన మూలను నిలువుగా నిలబెట్టి, దాని మీద తేలికగా కొట్టండి. చదరం వచ్చాకే మొన కొనసాగించండి.

కొస చేప నోరులా తెరుచుకుంది. పైపొరే సాగి, నడుమ వెనకబడింది. ఇనుము చల్లగా ఉండగా కొట్టడం గాని, దెబ్బలు మరీ తేలికవడం గాని కారణం. ఆ నోటిని మూసి కొట్టకండి, అది లోపల మడతగా మిగులుతుంది. కోసేసి మళ్లీ మొదలుపెట్టండి.

మొన ఒక పక్కకు వంగిపోతోంది. రెండు ముఖాల మీద దెబ్బల లెక్క సమానంగా లేదు. కాచి కొట్టిన ప్రతిసారీ చివర, ఎరుపు ఉండగానే, రెండు దెబ్బలు నిటారు చేయడానికి మిగుల్చుకోండి.

చేయి త్వరగా అలిసిపోతోంది. దాదాపు ఎప్పుడూ సుత్తి బరువెక్కువ, లేదా పిడి మీద బొటనవేలు నిలువుగా ఆనించి బిగించి పట్టుకున్నారు. పట్టు వదులు చేయండి, మోచేతిని ఒంటికి దగ్గరగా ఉంచండి, సుత్తి ఎగురును అడ్డుకోకండి.

## 10. గట్టిపరచడం: ఉలి ఉదాహరణ

మైల్డ్ స్టీల్‌తో చేయి కుదిరాక, సుమారు 0.8 శాతం కార్బన్ ఉన్న, రకం తెలిసిన ఉక్కుతో చల్లని ఇనుమును కోసే ఉలి చేయవచ్చు. ఆకారం ముగిశాక దాన్ని అయస్కాంతానికి అంటని వేడికి కాచి, గాలిలో నల్లబడనివ్వండి. ఇలా మూడుసార్లు చేస్తే సుత్తి దెబ్బల బిగువు సడలుతుంది.

తర్వాత అంచు వైపు 3 సెం.మీ. మాత్రమే, అయస్కాంతం వదిలిన స్థితికి కొద్దిగా మించి కాచి, 50 నుంచి 60 డిగ్రీలకు వేడిచేసిన వంటనూనెలో నిలువుగా ముంచి కదపండి. నూనె లోతైన ఇనుప పాత్రలో ఉండాలి, పక్కనే సరిపోయే మూత ఉండాలి. నూనె అంటుకుంటే మూత పెట్టండి, నీళ్లు పోయకండి. వాడేసిన ఇంజను నూనె వద్దు, దాని పొగ విషం.

ఆకురాయి అంచు మీద జారిపోతే గట్టిపడినట్టు. ఈ స్థితిలో అది గాజులాంటిది, కింద పడితే విరుగుతుంది. వెంటనే అంచును తళతళలాడేలా రుద్ది, తల వైపు నుంచి నెమ్మదిగా వేడి చేయండి. లేత గడ్డి రంగు, ముదురు గడ్డి రంగు, గోధుమ, ఊదా, నీలం వరుసగా అంచు వైపు పాకుతాయి. అంచుకు ఊదా చేరగానే, అంటే సుమారు 280 డిగ్రీలకు, నీళ్లలో ముంచి ఆపేయండి. సుత్తి తగిలే తలను గట్టిపరచకండి, అది పెచ్చులై ఎగురుతుంది.

## 11. కొలిమి ఆర్పేటప్పుడు

- గ్యాస్ అయితే ముందు సిలిండర్ వాల్వు కట్టి, గొట్టంలో మిగిలినది మండిపోయాక బర్నర్ వాల్వు కట్టండి.
- బొగ్గు అయితే గాలి గొట్టాన్ని బ్లోయర్ నుంచి విడదీయండి. లేకపోతే మండే వాయువు గొట్టంలోకి వెనక్కి చేరి, మళ్లీ గాలి ఇచ్చినప్పుడు పేలవచ్చు.
- నిప్పులను విడదీసి ఆరనివ్వండి. బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలోనే, గోడకు దూరంగా పెట్టండి.
- నేల మీది ముక్కలను పట్టుకారుతోనే ఏరి బకెట్‌లో వేయండి.
- దాగలి ముఖం, పనిముట్లు తుడిచి పల్చగా నూనె రాయండి.
- గంట తర్వాత ఒకసారి, పడుకోబోయే ముందు మరోసారి వెళ్లి, నిప్పు వాసన గాని, ఎక్కడైనా సెగ గాని మిగిలి ఉందేమో చూడండి.